జట్టు కూర్పు - జనవాక్యము



వంట చేయుట అందరికిని రాదు గాని, కూరలో ఉప్పు చాలలేదని చెప్పుట అందరికిని వచ్చును. ఆటల విషయమునందును ఇంతే. బంతిని కాలితో నాలుగడుగుల దూరము నడిపింపలేని పెద్దమనిషి సైతము జాతీయ జట్టులో ఎవరుండవలెనో, ఎవరుండరాదో తడుముకొనకుండ చెప్పగలడు. మన తెలుగునాట ఈ వాగ్వాదము మిక్కిలిగా క్రికెట్టును గూర్చి జరుగుచుండును. కాఫీ హోటళ్లలోను, రైలుపెట్టెలలోను పదునొకండు పేర్లు వ్రేళ్లమీద లెక్కించి, పండ్రెండవవాని కొరకు పోట్లాడుకొనువారిని మీరందరును చూచియే యుందురు. ఫుట్‌బాలును ప్రాణముగా నెంచు దేశములలో ఇదే వాగ్వాదము నాలుగేండ్లకొకసారి, ప్రపంచ కప్పు పోటీలకు ముందు, ఇంటింటను రేగును. అట్టి దేశములలో మొదట చెప్పదగినది బ్రెజిలు. కావున నేటి ప్రసంగమునకు ఆ దేశపు వృత్తాంతమునే తీసికొనుచున్నాను.

ఈ తగవు అక్కడ నిన్న మొన్న పుట్టినది కాదు. మొదటి ప్రపంచ కప్పు పోటీలు 1930లో ఉరుగ్వే దేశమున జరిగినపుడే పుట్టినది. రియో డి జనీరో, సావో పౌలో అను రెండు మహానగరముల క్రీడాసంఘములకు నడుమ అధికారమును గూర్చి కలహము కలిగెను. జట్టును సిద్ధపరచు మండలిలో తమకు చోటీయలేదని సావో పౌలోవారు అలిగి, తమ ఆటగాండ్రను పంపము పొమ్మనిరి. వారిలో అరాకెన్ పటూస్కా యను నొక్కడు మాత్రము వెళ్లెను. ఆనాటి బ్రెజిలులో మిక్కిలి ప్రసిద్ధుడైన ఫ్రీడెన్‌రైషు సావో పౌలో వాడగుటచేత ఇంటనే యుండవలసివచ్చెను. బ్రెజిలు జట్టు యుగోస్లావియా చేతిలో 2-1 గోలులతో ఓడి, బొలీవియాను 4-0 గోలులతో గెలిచి, మొదటి అంచెలోనే ఇల్లు చేరెను. ఈ కలహములో పైకి వినబడినది ఆటను గూర్చిన మాట కాదు, ఊరిని గూర్చిన మాట. "మావాడు లేని జట్టు మా జట్టెట్లగును?" అను ప్రశ్నయే దానికి మూలము.

ఈ ప్రశ్నను చులకనగా చూడరాదని నా యభిప్రాయము. దేశమనగా ఎవరు? పటములో గీసిన గీతలను చూచి యెవరును కేకలు వేయరు. తమ వీథిలో పెరిగినవాడో, తమ రంగువాడో, తమ భాషవాడో ఆ చొక్కాయి తొడిగికొని మైదానములోనికి వచ్చినపుడు మాత్రమే సామాన్యునకు దేశము కంటికి కనబడును. అందుచేత జట్టు జాబితాను అతడు ఆటల సమాచారముగా చదువడు. తనవారి పేరున్నదో లేదో యని, పెండ్లి పిలుపుల జాబితాను చదివినట్లు చదువును.

సామాన్యుడే కాదు, అధికారమునందున్నవారును ఈ వ్యామోహమునకు లోనైనవారే. 1969లో బ్రెజిలు క్రీడాధికారులు జువావో సల్దాన్యా యను పత్రికా రచయితను జట్టుకు శిక్షకునిగా నియమించిరి. తప్పులెన్ను చేతికే పగ్గములిచ్చినచో తప్పులెన్నుట తగ్గునని వారి యూహ కాబోలును. ఆయన అర్హత పోటీలలో ఆరింటికి ఆరాటలు గెలిపించెను. సైనిక ప్రభుత్వాధ్యక్షుడు మెదిసీకి దారియో అను ఆటగాని యందు మక్కువ. అతనిని చేర్చుకొనవలసినదని ఒత్తిడి రాగా, అధ్యక్షులవారి మంత్రివర్గమును తాను కూర్చుట లేదు గనుక తన జట్టును వారు కూర్చనక్కరలేదను భావముతో సల్దాన్యా ప్రత్యుత్తరమిచ్చెనని ప్రసిద్ధి. 1970 మార్చిలో ఆయన ఉద్యోగము పోయెను. దీనికి ఈ మాట యొక్కటే కారణమనుటకు వీలులేదు. తన్ను విమర్శించిన మరియొక శిక్షకుని వెదకుచు రివాల్వరుతో బయలుదేరిన కోపిష్ఠి ఆయన. ఆయన స్థానమున వచ్చిన జగాలో దారియోను జాబితాలో చేర్చెను గాని, మెక్సికోలో ఒక్క నిమిషమైనను ఆడింపలేదు. బ్రెజిలు కప్పు గెలిచెను. దేశాధ్యక్షుని మక్కువకు జాబితాలో చోటు దొరికినది గాని మైదానములో దొరకలేదన్నమాట.

ఇక అసలు కథకు వత్తును. ఇది రొమారియో అను ఆటగాని కథ. పొట్టివాడు, నోటిదురుసు గలవాడు, అభ్యాసమన్న అయిష్టము గలవాడు. గోలు దరిని బంతి దొరికెనా, తిరుగులేనివాడు. 1992 డిసెంబరులో జర్మనీతో జరిగిన స్నేహపుటాటకు హాలండు నుండి అంతదూరము పిలిపించి, తన్ను బల్లమీద కూర్చుండబెట్టిరని అతడు బహిరంగముగా నసిగెను. శిక్షకుడు పరేరా అతనిని జట్టునుండి వెలివేసెను. మరుసటి యేడు అర్హత పోటీలలో బ్రెజిలు బొలీవియా చేతిలో ఓడినది. అర్హత పోటీలలో ఆ దేశమునకు అదియే మొదటి యోటమి. రొమారియోను పిలువుడని దేశమంతయు ఘోషించెను. తుదకు ఉరుగ్వేతో జరుగవలసిన కడపటి యాటకు, మరియొక ఆటగాడు గాయపడగా, పరేరా దిగివచ్చి అతనిని పిలిచెను. 1993 సెప్టెంబరు 19వ తేదీన మారకానా మైదానములో బ్రెజిలు 2-0 గోలులతో గెలిచెను. రెండును రొమారియోయే వేసెను. 1994లో అతడు అయిదు గోలులు వేయగా, ఇరువదినాలుగేండ్ల తరువాత కప్పు మరల బ్రెజిలుకు వచ్చెను. జనవాక్యము కర్తవ్యమని మన పెద్దలన్న మాట ఆ యేడు అక్షరాల నిజమయ్యెను.

ఎనిమిదేండ్ల తరువాత అదే జనము, అదే మనిషి కొరకు, అదే కేక వేసెను. 2002 ప్రపంచ కప్పునకు బ్రెజిలు పడుచు లేచుచు అర్హత సంపాదించెను. పదునెనిమిది యాటలలో ఆరు ఓడిపోయెను. శిక్షకులు ఒకరివెనుక నొకరు మారిరి. చివరకు వచ్చినవాడు లూయీ ఫెలీపే స్కొలారీ. రొమారియోకు అప్పటికి 36 ఏండ్లు. అయినను 2001లో దేశీయ పోటీలన్నిటికి మిన్నయైన చాంపియనుషిప్పులో అందరికంటె ఎక్కువ గోలులు వేసినవాడతడే. రెండవవైపున రొనాల్డోను చూడుడు: మోకాలు రెండుమారులు చెడి, రెండేండ్లకు పైగా సరిగా ఆడినవాడు కాడు. గోలులు వేయుచున్నవానిని విడిచి, కుంటుచున్నవానిని తీసికొనిపోవుట యే న్యాయమని జనులడిగిరి. ఈ ప్రశ్నలో మూర్ఖత్వ మేమియు లేదు. నేను రియోలో నుండినచో నేనును అడిగియుందును.

స్కొలారీ మనసులో వేరు లెక్క యుండెను. 2001లో దక్షిణ అమెరికా పోటీలకు రమ్మనినపుడు కంటికి చికిత్స యని రొమారియో తప్పించుకొని, తన క్లబ్బుతో మెక్సికోకు ఆడబోయెనని చెప్పుకొనిరి. స్కొలారీ తన జట్టును కుటుంబముగా నడుపదలచినవాడు. పత్రికలును దానిని స్కొలారీ కుటుంబమనియే పిలిచెడివి. నెలపైని ఒకచోట ఉండి, ఒకచోట తిని, ఇరువదిముగ్గురిలో పండ్రెండుగురు ఆట చూచుచు కూర్చుండవలసిన సంసారమది. అందు ఒక్క పెద్దకోడలు అలిగినచో వంటిల్లంతయు చల్లబడును. రొమారియో 2002 ఏప్రిలులో పత్రికలవారి యెదుట కన్నీరు పెట్టుకొని, జరిగినదానికి క్షమాపణ చెప్పుకొనెను. మే 6వ తేదీన జాబితా వెలువడెను. అందతని పేరు లేదు.

ఆ తరువాతి సంగతి లోకమెరిగినదే. బ్రెజిలు ఆడిన ఏడాటలును గెలిచెను. ఆ కుంటుచున్న రొనాల్డోయే ఎనిమిది గోలులు వేసెను. జూన్ 30వ తేదీన యొకొహామాలో జర్మనీపై వేసిన రెండును అతనివే. స్కొలారీ మాట నెగ్గినదని అందరును ఒప్పుకొనిరి. ఇందులో నాకొక చిన్న సందేహము కలదు. గెలుపు జరిగినదానిని చూపును గాని, జరుగనిదానిని చూపదు. రొమారియో యుండినను గెలిచియుండెడివారేమో! కప్పు వచ్చిన యింట ఈ మాట ఎత్తువారుండరు.

జట్టు కూర్చువాడు చూచునది, జనము చూచునది వేరు వేరనుటకు మన హైదరాబాదు మనిషియే గొప్ప సాక్ష్యము. సయ్యద్ అబ్దుల్ రహీముగారు బడిపంతులుగా నుండినవారు. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు అయిదేండ్లు వరుసగా రోవర్సు కప్పు గెలిచినది. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలకు భారతదేశపు జట్టును నడిపినవారును ఆయనయే. సికిందరాబాదు వాడగు తులసీదాసు బలరాము, హైదరాబాదు వాడగు యూసఫ్ ఖాను ఆ జట్టులోనివారు. మొదటి యాటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 గోలులతో ఓటమి. తరువాతి యాటలో వెనుక వరుసను కాచు జర్నైలు సింగుకు తల పగిలి కుట్లు పడెను. ఇట్టివానిని విశ్రాంతికి పంపుదమని ఎవరైనను అందురు. రహీముగారు అతనిని విడువలేదు, వెనుకను నిలుపనులేదు; ముందు వరుస నడుమకు పంపిరి. తలకు కట్టుతోనే అతడు వియత్నాముపై సెమీఫైనలులో గోలు వేసెను, ఫైనలులోను వేసెను. జ్వరముచే కొన్ని యాటలకు దూరమైయుండిన గోలుకీపరు తంగరాజును ఫైనలుకు మరల నిలిపిరి. తమ్ము మొదట ఓడించిన కొరియానే 2-1 గోలులతో ఓడించి మనవారు స్వర్ణపతకము తెచ్చిరి. కలకత్తాలోనో, చార్మినారు దగ్గరనో వోట్లు తీసికొని జట్టు కూర్చియుండినచో, తల పగిలిన కాపుదారును ముందు వరుసలో నిలుపుడని వ్రాసినవాడొక్కడైనను ఉండునా? అప్పటికే కేన్సరు వ్యాధితో బాధపడుచుండిన రహీముగారు మరుసటి యేడు జూనులో గతించిరి.

ఇంతవరకు జనము తప్పో, కూర్చువాడు తప్పో యని మాటాడుకొంటిమి. ఎన్నికైనవాని సంగతి చెప్పనే లేదు. ఇందుకై బ్రెజిలులో 1950 నాటి కథకు వెనుకకు పోవలెను. ఆ యేడు పోటీలు వారి దేశముననే జరిగినవి. గోలుకీపరు బర్బోసా దేశములోని మేటి గోలుకీపరులలో నొకడని పేరుపొందినవాడు. జూలై 16వ తేదీన, మారకానాలో, ఉరుగ్వేతో సమముగా ముగించినను కప్పు తమదే. జిగ్యా వేసిన రెండవ గోలుతో 2-1గా ఓడిపోయిరి. ఆ నేరమంతయు బర్బోసాపై బడినది. అతనితోపాటు వెనుక వరుసలోని బిగోదె, జువెనాలులను గూడ నిందించిరి. ఆ మువ్వురును నల్లవారే యగుట కేవలము యాదృచ్ఛికమని నేననుకొనను. మావాడు, మావాడని ఎత్తుకొన్న చేతులే ఓటమినాడు వానిని పరాయివానిగా దింపివేసినవి. తన దేశపు చట్టములో మిక్కిలి కఠినశిక్ష ముప్పదేండ్లు మాత్రమే కాగా, తానేబదియేండ్లు అనుభవించితినని బర్బోసా వాపోయెడివాడు. అతడు 2000 సంవత్సరమున మరణించెను. అరుగులమీద జట్టులు కూర్చువారెవరును ఏబదియేండ్లు కాదు, ఏబది గడియలైనను ఇట్టి శిక్ష అనుభవించినవారు కారు. రొమారియోను విడిచి కప్పునుగూడ విడిచివచ్చియుండినచో స్కొలారీ బ్రతుకేమై యుండునో ఊహించుకొనుడు. ఆ మాట ఆయనకును తెలిసియే, 23 పేర్లు చదివెను.

ఆ 23 పేర్లకును ఒక తోక కలదు. 2002 జూన్ 3వ తేదీన బ్రెజిలుకు టర్కీతో మొదటి యాట. ముందునాడు అభ్యాసములో జట్టు నాయకుడగు ఎమెర్సన్, తన పని కాకపోయినను, సరదాకు గోలులో నిలిచి బంతికై దూకెను. భుజము తప్పినది. నాయకత్వము కఫూకు పోయెను. నెలకడపట కప్పును తలపైకెత్తినవాడతడే. జాబితాలో ఒకచోటు ఖాళీ పడినది. ఏ చోటు కొరకు ఒక దేశము వేడుకొన్నదో, ఒక మనిషి కన్నీరు పెట్టినాడో, ఆ చోటు మరల తెరవబడెను. స్కొలారీ బ్రెజిలునకు కబురంపి, రికార్డిన్హో అను నడిమి వరుస ఆటగానిని పిలిపించెను.