పాత కారు వారంటీ, ఇంజను ఆయిలు

బళ్ళారి, కోలారు, హోసూరు, రాయగడ ప్రాంతాలలో ఉన్న మనవాళ్ళు చాలామంది కారు కొనడానికి పెద్ద ఊరికే వెళతారు. బెంగుళూరులోనో చెన్నైలోనో విశాఖలోనో ఒకరు రెండు మూడేళ్ళు వాడిన బండి కొని తెచ్చుకుంటారు. దానితో పాటు వారంటీ కాగితం కూడా వస్తుంది. రేపు ఇంజను పట్టేస్తే ఆ కాగితం పనికి వస్తుందా రాదా అన్నది చాలావరకు మీరు పోయించిన ఆయిలును బట్టి తేలుతుంది. ఇంజను విప్పి బాగుచేయించాలంటే అయ్యే ఖర్చు మీకు తెలియనిది కాదు.

ముందు ఆ వారంటీ ఎవరిదో చూసుకోండి. కారు తయారు చేసిన కంపెనీదైతే సాధారణంగా బండితో పాటే కొత్త యజమానికి వస్తుంది. అదనంగా డబ్బు కట్టి పొడిగించుకున్న వారంటీ అయితే పేరు మార్పించుకోవలసి రావచ్చు. పాత కార్లు అమ్మే వ్యాపారి ఇచ్చినదైతే షరతులు ఆయనవే. తాము చెప్పిన వర్క్‌షాపులోనే ఆయిలు మార్పించాలని అందులో ఉంటే, మీరు బయట ఎంత మంచి ఆయిలు పోయించినా పేచీ వస్తుంది. కాగితం ఇంగ్లీషులోనో కన్నడంలోనో ఉందని మడిచి పెట్టకండి. చదవగలిగినవారి చేత ఆ షరతులు చదివించుకోండి.

ఇక ఏ ఆయిలు? బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో గ్రేడు రాసి ఉంటుంది. 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 ఇలా. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందు అంకె ఎంత చిన్నదైతే చల్లని ఇంజనులో ఆయిలు అంత త్వరగా పారుతుంది. వెనక అంకె ఇంజను వేడెక్కాక ఉండే చిక్కదనాన్ని చెబుతుంది. దానితో పాటు ఎ.పి.ఐ. వారి ఎస్.ఎన్., ఎస్.పి. వంటి గుర్తు కూడా ఉంటుంది. డబ్బా మీద ఈ రెండూ సరిపోవాలి. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన సరైన ఆయిలు కాదు.

"మన ఎండలకు పల్చటి ఆయిలు ఎక్కడ నిలుస్తుంది సార్, 20డబ్ల్యూ-50 పోద్దాం" అనే మెకానిక్కులు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. పాత అంబాసిడర్ల కాలం నాటి అనుభవంతో అనే మాట అది. చెడు బుద్ధితో కాదు. కాని నేటి ఇంజనులో థర్మోస్టాటు ఉంటుంది. బయట బళ్ళారి ఎండైనా రాయగడ కొండల చలైనా, వేడెక్కిన ఇంజనులో నీళ్ళ వేడిని అది దాదాపు ఒకే స్థాయిలో ఉంచుతుంది. సన్నని దారులున్న ఇంజనులో చిక్కటి ఆయిలు పోస్తే ఉదయం స్టార్టు చేసినప్పుడు పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది. అరుగుదల అక్కడ మొదలవుతుంది.

డీజిలు బండ్లకు మరో జాగ్రత్త. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 డీజిలు కార్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. మసి కాలిపోతుంది గాని, ఆయిలు నుంచి వచ్చే బూడిద కాలదు, అందులోనే పేరుకుంటుంది. అందుకే బూడిద తక్కువ వదిలే ఆయిలునే మాన్యువల్ కోరుతుంది.

గడువు కూడా ముఖ్యమే. మాన్యువల్ 10,000 కిలోమీటర్లు లేక ఒక ఏడాది అంటే, ఏది ముందు వస్తే అదే లెక్క. బండి తిరగలేదు కదా అని వదిలేయకండి. మధ్యలో డిప్‌స్టిక్ తీసి మట్టం చూస్తుండండి.

అన్నిటికన్నా మన ఊళ్ళలో తప్పిపోయేది బిల్లు. పీపాలోంచి కొలిచి పోసే లూజు ఆయిలుకు రుజువు ఉండదు. సీలున్న డబ్బా మీ ఎదుటే తెరిపించండి. బిల్లులో తేదీ, బండి నంబరు, మీటరు రీడింగు, ఆయిలు పేరు, గ్రేడు, ఫిల్టరు రాయించండి.

ఇంత చేసినా వారంటీ లేదంటే, ఏ షరతు కింద కాదంటున్నారో, ఆయిలు వల్లే ఆ భాగం చెడిందని ఎలా తేల్చారో రాతపూర్వకంగా అడగండి. కిటికీ అద్దం మోటారు చెడిపోవడానికీ ఇంజను ఆయిలుకూ సంబంధం లేదు. 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కారు బెంగుళూరులో కొన్నా, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. వివాదం తలెత్తిన 2 ఏళ్ళలోగా వేయాలి. ఆనాడు కమిషన్ ముందు మొదట పెట్టవలసినవి వారంటీ కాగితం, ఆయిలు బిల్లులే.