ఆరిపోయిందనుకున్న నక్షత్రం

1961లో తిరుమల తిరుపతి దేవస్థానం ఢిల్లీలో నెలకొల్పిన ఈ శ్రీ వేంకటేశ్వర కళాశాల నుంచి పట్టాలు పుచ్చుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

నేను చదివే శాస్త్రం నుంచి ఒక్క సంగతి చెబుతాను. ఈటా కెరీనా మనకు దాదాపు 7,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న భారీ నక్షత్రం. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు సొంత వేధశాల పెట్టుకున్న రోజుల్లోనే అది విపరీతంగా వెలిగింది. 1843లో సిరియస్ తర్వాత నక్షత్రాల్లో అంత కాంతి దానిదే. మరో పాతికేళ్లకల్లా కంటికి ఆనకుండా పోయింది.

నిజానికి అది ఆరిపోలేదు. అలా వెలిగినప్పటి విస్ఫోటంలో పది సూర్యులకు మించిన బరువున్న వాయువును బయటికి చిమ్మింది. సెకనుకు సుమారు 650 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతూ ఆ వాయువు చల్లబడింది, అందులో ధూళి రేణువులు పుట్టాయి. నవంబరులో ఢిల్లీ పొగమంచు సూర్యుణ్ణి దాచినట్టే ఆ ధూళి నక్షత్రాన్ని దాచేసింది. 1960ల చివర్లో పరారుణ కాంతిని పట్టే పరికరాలతో చూస్తే, 20 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర సౌరకుటుంబం వెలుపల అంత ప్రకాశం మరి దేనికీ లేదు. ధూళి మింగిన వెలుగే వేడిగా బయటికొస్తోంది. ఏళ్ల తేడాతో తీసిన ఫొటోల్లో ఆ మేఘం ఎంత విస్తరించిందో కొలిచి వెనక్కి లెక్కగడితే దాని పుట్టుక 1840ల దగ్గరే తేలుతుంది. అందులో నైట్రోజన్ పాలు ఎక్కువ. నక్షత్రం కడుపులో ఉడికిన పదార్థమే బయటపడిందనడానికి అదే సాక్ష్యం.

మీలో కొందరు రేపు కలెక్టర్లవుతారు, కొందరు పత్రికల్లో, ల్యాబుల్లో చేరతారు. ఫలానా ఊళ్లో పేదలే లేరని ఒక జాబితా మీ బల్ల మీదికి వస్తుంది. ఆ నక్షత్రంలాగే వాళ్లు ఉండీ కనబడకపోయి ఉండొచ్చు. సంతకం పెట్టేముందు దాన్ని ఎవరు, ఎలా లెక్కగట్టారో అడగండి. ఇంకో పద్ధతిలో మళ్లీ లెక్క తీయించండి.

ఎక్కడ నిలబడి చూస్తున్నారన్నది కూడా ముఖ్యమే. ఢిల్లీలో ఆ నక్షత్రం దిగంతం మీద రెండు డిగ్రీలైనా లేవదు, విశాఖలో పన్నెండు డిగ్రీలు లేస్తుంది. ధూళి పలచబడుతూ ఉండటంతో ఇప్పుడు మళ్లీ కంటికి కనిపిస్తోంది. ఏప్రిల్ చివర దక్షిణాదిలోని ఊరెళితే, దీపాలు లేని చోట రాత్రి ఎనిమిదిన్నరకు దక్షిణం వైపు వెతకండి. రాజధానిలో కనిపించనంత మాత్రాన దేశంలో లేదని మాత్రం ఎన్నడూ రాయకండి.