కోట్ల పద్దులు – వాటి వరుస గుర్తులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



తరతరాలుగా బెంగుళూరులో స్థిరపడిన మన కుటుంబాలలో కంప్యూటరు ఉద్యోగి లేని ఇల్లు నేడు అరుదు. అయినా ఇంట్లో అవ్వగారో తాతగారో “నాయనా, ఆఫీసులో మీరు చేసేది ఏమిటి?” అని అడిగితే మేమందరమూ నీళ్ళు నములుతాము. ఈ ఉగాదికి ఆ బాకీ కొంత తీర్చుకొమ్మని కార్యవర్గంవారు ఆజ్ఞాపించారు. కాబట్టి మా పనిలో చిన్నదిగా కనిపించి పెద్ద చిక్కులు తెచ్చే ఒక్క విషయము మనవి చేస్తాము.

కరెంటు మీటరు సంగతి తీసుకుందాము. పాత మీటరుకు నెలకొకసారి మనిషి వచ్చి, అంకె చూసి, చీటీ ఇచ్చి పోయేవాడు. అనగా ఇంటికి నెలకు ఒక పద్దు. కొత్తగా వస్తున్న స్మార్టు మీటరు అర్ధగంటకో పావుగంటకో ఒక అంకె నమోదు చేస్తుంది. దేశమంతటా 25 కోట్ల స్మార్టు మీటర్లు పెట్టించాలని 2021లో కేంద్ర ప్రభుత్వము సంకల్పించింది. అన్నీ పెట్టారనే అనుకొని అర్ధగంటకొకటి చొప్పున లెక్క వేయండి. మీటరుకు రోజుకు 48 పద్దులు. మొత్తము రోజుకు 1,200 కోట్లు. సెకనుకు సుమారు 1,39,000. ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే గనుక ఇదంతా ఒక్కచోటికి రాదనుకోండి. ఇందులో ఇరవయ్యో వంతు వచ్చినా, ఒక్క యంత్రము మీద వేసి నిశ్చింతగా కూర్చునే పని కాదు.

ఇటువంటి భారాన్ని పది యంత్రాలకు పంచే పద్ధతిని గూగుల్ ఇంజనీర్లు 2006లో బిగ్‌టేబుల్ అనే పేరుతో ఒక పత్రంలో వివరించారు. ఆ నమూనా మీదనే హెచ్‌బేస్ అనే ఉచిత సాఫ్టువేరు వచ్చింది. పద్ధతి సులభమే. ప్రతి పద్దుకూ ఒక గుర్తు ఉంటుంది. పద్దులన్నిటినీ ఆ గుర్తుల అక్షరక్రమంలో నిఘంటువులాగా పేర్చి, ఆ పొడుగాటి వరుసను ముక్కలుగా కోసి, ఒక్కొక్క యంత్రానికి కొన్ని ముక్కలు అప్పగిస్తారు. ఆ గుర్తునే మేము రో కీ అంటాము. తాళపుచెవి అని తెలుగు చేస్తే అర్థము చెడుతుంది. అది తలుపు తీసేది కాదు, పద్దు ఏ యంత్రము దగ్గర కూర్చోవాలో చెప్పేది.

చిక్కంతా అక్కడనే. మన సంఘానికే సభ్యుల పట్టిక వ్రాయాలి, నలుగురు కార్యకర్తలు నాలుగు పుస్తకాలు పట్టుకొని కూర్చున్నారు అనుకోండి. పేర్ల మొదటి అక్షరాన్ని బట్టి పంచితే ఏమవుతుంది? వెంకటేశ్వర్లు, వెంకటరమణ, వెంకటలక్ష్మి, వెంకటసుబ్బయ్య అందరూ ఒక్కరి ముందే బారులు తీరుతారు. తక్కిన ముగ్గురూ విసనకర్రలు విసురుకుంటూ కూర్చుంటారు. పోనీ, వచ్చిన వేళను బట్టి వరుస వేద్దామంటే అది ఇంకా అన్యాయము. ఇప్పుడు వచ్చినవాని వేళ ఎప్పుడూ అందరికంటె చివరిదే. కాబట్టి ప్రతివాడూ చివరి పుస్తకంవాని దగ్గరకే పోతాడు.

మీటర్ల పద్దులకు కాలమును ముందు పెట్టి రో కీ చేస్తే సరిగా ఇదే జరుగుతుంది. ఇరవై యంత్రాలు కొన్నా పని చేసేది ఒక్కటే. “ముక్క పెద్దదైతే అదే రెండుగా చీలుతుంది గదా” అని కొందరు ధైర్యము చెబుతారు. చీలుతుంది, నిజమే. కాని కొత్త పద్దులన్నీ మళ్ళీ పై సగానికే పోతాయి. కింది సగానికి ఆనాటినుంచి కొత్త పద్దు పడదు. వేడి ఒక గది నుంచి పక్క గదికి మారింది, అంతే.

మరి ఏమి చేయాలి? మీటరు సంఖ్యను ముందు, కాలమును వెనుక పెట్టాలి. అప్పుడు ఒకే నిమిషంలో వచ్చిన పద్దులు వేర్వేరు చోట్లకు పోతాయి. అయితే ఒకే కార్ఖానా నుంచి వచ్చిన మీటర్ల సంఖ్యలు మొదట్లో ఒకేలాగా ఉండవచ్చును. మన సెల్‌ఫోను నంబర్లు చూడండి, 6 మొదలు 9 లోపుగానే ప్రారంభమవుతాయి. చివరి అంకెలు మాత్రము నానావిధాలు. కనుక సంఖ్యను తలకిందులుగా వ్రాసుకుంటే సగము బాధ తీరుతుంది.

ఇంకొక ఉపాయము ఉన్నది. గుర్తుకు ముందు 0 నుంచి 15 వరకు ఏదో ఒక అంకె చేరుస్తారు. మావాళ్ళు దీనిని ఉప్పు వేయడము అంటారు. ఉప్పు చేతికి వచ్చినంత వేయరాదు. ఆ అంకెను చీటీ తీసినట్లు వేస్తే, తరువాత ఒక్క పద్దు కావాలన్నా పదహారు చోట్లా వెతకాలి. మీటరు సంఖ్య నుంచే ఒక లెక్క ప్రకారము ఆ అంకెను రాబట్టితే, వెతికేనాడు అదే లెక్క మళ్ళీ వేసి నేరుగా ఆ చోటికి పోవచ్చును. మా మట్టుకు మాకు ఈ రెండవదే నమ్మకము.

యంత్రాల ఆరోగ్యాన్ని క్షణక్షణమూ కొలిచే ఓపెన్ టీఎస్‌డీబీ అనే సాఫ్టువేరు 2010లో వచ్చింది. దాని రో కీలో కొలిచే విషయానికి మూడు బైట్ల గుర్తు ముందు, గంట తరువాత. ఒక గంటలోని కొలతలన్నీ ఒకే వరుసలో ఇముడుతాయి. గుర్తు పొట్టిగా ఉండడము పిసినారితనము కాదు. హెచ్‌బేస్‌లో ప్రతి చిన్న విలువతోపాటు రో కీ కూడ మళ్ళీ నిలవ అవుతుంది. కోట్ల పద్దులలో పది అక్షరాలు తగ్గితే ఎంత మిగులో వ్యాపారము చేసిన పెద్దలకు మేము చెప్పవలసిన పని లేదు.

ఇదంతా ముందుగానే తేల్చుకోవాలి. ఒకసారి వ్రాసిన పద్దుకు రో కీ మార్చడానికి వీలులేదు; మార్చాలంటే మొత్తము కొత్త పట్టికలోకి తిరిగి వ్రాసుకోవాలి. పట్టికను మొదటిరోజే ముక్కలుగా కోసి పెట్టుకోవడము కూడ అవసరము. లేకుంటే అది ఒకే ముక్కతో మొదలై, తొలినాటి రద్దీ అంతా ఒక్క యంత్రము నెత్తిన పడుతుంది. ముందు డబ్బు కట్టి కరెంటు వాడుకునే ఇంట్లో పద్దు ఆలస్యమైతే, మిగిలిన సొమ్ము ఎంతో తెలియదు. పరీక్షకు చదువుకుంటున్న పిల్లవాడికి దీపము ఎందుకు పోయిందో చెప్పేవాడు ఉండడు. ఆ ఇంటివారు రో కీ పేరు విని ఉండరు, కష్టము మాత్రము వారిదే.

అన్ని ప్రశ్నలకూ ఒక్క గుర్తు జవాబు చెప్పదు. మీటరు ముందున్న పట్టికలో ఒక ఇంటి నెల లెక్క, 1,440 పద్దులు, పక్కపక్కనే దొరుకుతుంది. కాని “నిన్న సాయంత్రము ఏడుగంటలకు ఫలానా ట్రాన్స్‌ఫార్మరు మీద ఎంత భారము పడింది?” అని ఇంజనీరు అడిగితే, ఆ వీధి మీటర్లన్నీ తలా ఒక చోట ఉంటాయి. దానికి ట్రాన్స్‌ఫార్మరు సంఖ్య ముందు, గంట వెనుక ఉండే రెండవ పట్టిక వేరే వ్రాసుకోవాలి. రెండుసార్లు వ్రాయడము దండుగ గదా అని లెక్కలవారు కోప్పడతారు. ఆ కోపము మేము భరిస్తున్నాము.