ఒక్క ఏడాదే కదా అన్నారు
(తిరుపతిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడి మానేసిన ఆడపిల్లల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. మన రిపోర్టుల్లో వీళ్ళను ‘డ్రాపౌట్లు’ అని రాస్తుంటాం. చెట్టు మీది కాయ రాలినట్టు ఆ పిల్ల తనంతట తానే రాలిపోయిందని ఆ మాట చెబుతుంది. నేను చూసిన పిల్లల్లో అట్లా రాలిపోయినవాళ్ళు బహు తక్కువ. ఇంట్లో ఒక పని పడింది, ఆ పనికి ఆమెను నిలబెట్టారు. ఎందుకు మానేశారో మనం చాలాసార్లు చర్చించుకున్నాం. ఒక ఏడాది ఆగిన పిల్లకు బడి గడప మళ్ళీ దాటడం ఎందుకంత కష్టమవుతుందో ఈ రోజు చూద్దాం.

నాకూ ఒక ఏడాది పోయింది. నా తొమ్మిదో తరగతి అయ్యాక కాన్పు కష్టమై మా అమ్మ మంచం పట్టింది. అన్న చదువు సాగింది, నాది ఆగింది. “ఒక్క ఏడాదే కదమ్మా” అన్నాడు మా నాయన. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే అట్లా అనుకున్నాడు. ఏడాది తర్వాత బడికి పోతే ఆఫీసు గదిలో అడిగిన మొదటి ప్రశ్న, “ఇన్నాళ్ళూ ఏం చేసినావు?” అని. వంట చేశాను, తమ్ముణ్ణి సాకాను, రెండు ఆవుల పాలు పిండి కేంద్రానికి పోశాను. ఒక్కటీ నోటికి రాలేదు. “ఊరికే ఇంట్లో ఉన్నాను సార్” అన్నాను. (ఆ ‘ఊరికే’ మీద మనమే ఎన్నో సభలు పెట్టాం, ఇప్పుడు దాని జోలికి పోను.) మా వీధి టీచరమ్మ నా వెంట వచ్చి గంటసేపు అక్కడే కూర్చుంది కాబట్టి పేరు రాసుకున్నారు. ఆమె రాకపోయి ఉంటే నేను ఇంటికి తిరిగి వచ్చేసేదాన్ని, మళ్ళీ ఎవరూ అడిగేవారు కాదు.

చిత్తూరు వైపు మామిడి తోటల ఊళ్ళలో ఈ కథ ఏటా జరుగుతుంది. బంగారుపాళ్యం, దామలచెరువు ప్రాంతాల్లో తోతాపురి కాయ జూన్, జూలై నెలల్లో కోతకొస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీలకు కూలీలు కావలసింది అప్పుడే. బడులు తెరిచేదీ జూన్‌లోనే. తల్లి షిఫ్టుకు పోతే చంటిబిడ్డను ఎవరు చూడాలి? పెద్దకూతురు చూడాలి. “సీజను అయిపోతానే పంపిస్తామక్కా” అంటారు. సీజను అయ్యేసరికి పుస్తకాలు పంచేసి ఉంటారు, పాఠాలు చాలా దూరం పోయి ఉంటాయి, పిల్లకు క్లాసులో కూర్చోవాలంటే సిగ్గు. ఆ తర్వాత శనక్కాయ పీకుడు. రెండు నెలలని మొదలైంది ఏడాది అవుతుంది.

అటువంటి పిల్ల ఒకామె, పదమూడేళ్ళది, ఏడో తరగతిలో ఆగింది. మధ్యలో అవ్వగారి ఊరికి కూడా పోయింది. తల్లితో కలిసి ఆమెను అవ్వ ఊరి బడికి తీసుకుపోయాం. మూడు కారణాలు చెప్పారు: టీసీ లేదు, చేర్చుకునే గడువు దాటింది, వయసు ఎక్కువైంది కాబట్టి తోటి పిల్లలతో సరిపడదు. తల్లి మెల్లగా నా చెయ్యి పట్టుకుని “పోదాం రాక్కా, ఏడాది పోయినాక ఇంకేం చదువు” అంది.

2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ మూడు కారణాలూ చెల్లవు. ఇది మనలో ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి. నాలుగో సెక్షన్ ప్రకారం మధ్యలో ఆగిన పిల్లను ఆమె వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పద్నాలుగేళ్ళు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా ఉచితంగా చదివే హక్కు ఆమెకు ఉంటుంది. అయిదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. పదిహేనో సెక్షన్ ప్రకారం గడువు దాటినా కాదనకూడదు. నేను కాగితం తీసి చదివితే హెడ్మాస్టరు విసుక్కున్నారు గాని పేరు రాసుకున్నారు. ప్రత్యేక శిక్షణ మాత్రం జరగలేదు. మా కార్యకర్తే సాయంత్రాలు కూర్చుని లెక్కలు చెప్పింది.

తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి ఈ చట్టం చేతులెత్తేస్తుంది. అప్పుడు వినిపించే మాట “ఓపెన్‌లో కట్టించండి” అని. సార్వత్రిక పాఠశాల మన రాష్ట్రంలో 1991లోనే వచ్చింది, పెళ్ళయిన ఎందరో ఆడవాళ్ళు దాని వల్ల పది పాసయ్యారు. దాన్ని నేను తక్కువ చేయను. కానీ పదిహేనేళ్ళ పిల్లను బడి నుంచి పంపించేయడానికి అది సులువైన దారి అయిపోయింది. ఆమె ఇంట్లోనే ఉంటుంది, చంటిబిడ్డా ఇంట్లోనే ఉంటాడు. పుస్తకం తెరిచేది ఎప్పుడు?

ఈ సంగతి మనకంటే ముందే తెలిసినావిడ దుర్గాబాయి దేశ్‌ముఖ్. చిన్నతనంలో ఇంగ్లీషు చదువును కాదని బడి మానేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయి వచ్చాకే బెనారస్ మెట్రిక్ పరీక్ష రాశారు, ఆ తర్వాత బి.ఏ., మద్రాసులో లా చదివారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, తనలాగే చదువు ఆగిన ఆడవాళ్ళను ఆ మెట్రిక్ పరీక్షకే తయారు చేశారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు అధ్యక్షురాలిగా ఉండగా, 1958లో, పెద్దవయసు స్త్రీలకు కొద్దికాలంలో చదువు పూర్తయ్యే కోర్సులు మొదలయ్యాయి. పోయిన ఏళ్ళను ఒక్కొక్కటిగా మళ్ళీ కట్టించుకోకుండా కుదించి చెప్పడం అందులోని కీలకం. 2004లో వచ్చిన కస్తూర్బా విద్యాలయాల్లో బస కూడా ఉంది. ఆడపిల్ల ఇంటిపని నుంచి కాస్త తప్పించుకోగలిగేది అక్కడే. సీట్లు దొరకడమే కష్టం.

ఇంటర్ తర్వాత ఆగినవాళ్ళకు ఒక చిన్న జాగ్రత్త. స్టడీ సర్టిఫికెట్లలో ఆ ఏడాది ఖాళీగా కనిపిస్తుంది, స్థానికత దగ్గర ప్రశ్న వస్తుంది. ఆ ఏడాదికి తహసీల్దారు నుంచి నివాస ధ్రువపత్రం ముందే తీయించి పెట్టండి. ఇది తెలియక కౌన్సెలింగు రోజున ఏడ్చిన పిల్లలను చూశాను.

చెప్పవలసింది ఇంకొకటి ఉంది. ఆ ఏడో తరగతి పిల్లకు ఒక చెల్లెలుంది. ఈ జూన్‌కు ఆమె చెయ్యి అందివస్తుంది, తల్లి మళ్ళీ షిఫ్టుకు పోతుంది. తల్లిని తప్పుబట్టి లాభం లేదు, ఏడాదికి సరిపడా అప్పు తీరేది ఆ రెండు నెలల్లోనే. మీ మండలాల్లో ఫ్యాక్టరీ వ్యాను ఏ ఊరికి ఎన్ని గంటలకు వస్తుందో, ఆ ఊళ్ళో అంగన్‌వాడీ ఎన్ని గంటలకు తెరుస్తారో, ఎన్నింటికి మూస్తారో రాసుకుని రండి. ఈ రెండు వేళల మధ్య చంటిబిడ్డను ఎవరు చూడాలన్న దగ్గర వచ్చే సమావేశం మొదలుపెడదాం.