చీకట్లో చెవి చెప్పే అబద్ధం: 1959 విమాన ప్రమాదం

గాలివాన రాత్రి చిన్న విమానం కూలిందంటే మనకి ముందు పిడుగే గుర్తొస్తుంది. కానీ చాలాసార్లు పైలట్‌ని మోసం చేసేది అతని చెవే.

నమ్మట్లేదా? రివాల్వింగ్ చైర్‌లో కూర్చుని కళ్లు మూసుకోండి. ఫ్రెండ్‌ని ఒకే స్పీడ్‌లో తిప్పమనండి. కాసేపటికి తిరగడం ఆగిపోయినట్టు ఉంటుంది. తీరా కుర్చీ ఆపితే రివర్స్‌లో తిరుగుతున్నట్టు ఉంటుంది! లోపలి చెవిలో ఉండే ద్రవం చేసే పని అది. మనమైతే కళ్లు తెరుస్తాం, అయిపోతుంది. రాత్రి మబ్బులో ఉన్నవాడు కళ్లు తెరిచినా ఏం కనిపిస్తుంది?

1954లో అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు, మీటర్లు చూసి నడపడం రాని 20 మందికి బయట ఏమీ కనపడకుండా చేసి విమానం నడపమన్నారు. కంట్రోల్ తప్పడానికి పట్టిన సగటు టైమ్ 178 సెకన్లు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

1959 ఫిబ్రవరి 3 రాత్రి, అయోవా రాష్ట్రంలో పక్కన ఎవరూ లేరు. రాక్ అండ్ రోల్ స్టార్ బడ్డీ హాలీకి అప్పుడు 22 ఏళ్లు. టూర్ బస్సులో హీటర్ పాడై, డ్రమ్మర్ కాళ్లు చలికి దెబ్బతిని ఆస్పత్రిలో చేరాడు. దాంతో తర్వాతి ఊరికి బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా అనే చిన్న విమానం మాట్లాడుకున్నారు, మనిషికి 36 డాలర్లు. ఫ్లూతో ఉన్న జె.పి. రిచర్డ్‌సన్ ఇంకొకరి సీటు అడిగి తీసుకున్నాడు. నాణెం ఎగరేసి సీటు గెలుచుకున్న రిచీ వాలెన్స్‌కి 17 ఏళ్లే.

పైలట్‌కి 21. సన్నగా మంచు పడుతోంది, గాలి ఉంది. దారిలో వాతావరణం పాడవుతోందన్న హెచ్చరికలు అతనికి ఎవరూ చెప్పలేదు. మీటర్లు చూసి నడిపే పరీక్షలో అతను అంతకుముందే ఫెయిలయ్యాడు.

ఇంకోటుంది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ని కదా, నాకు నిద్ర పట్టనివ్వంది ఇదే. విమానం ముక్కు పైకుందా కిందికుందా చూపించే పరికరం, అతను నేర్చుకున్న విమానాల్లో ఉన్నదానికి సరిగ్గా ఉల్టాగా చూపిస్తుంది! దిగుతూ ఉండి ఎక్కుతున్నానని అనుకుని ఉండొచ్చని దర్యాప్తు రిపోర్ట్ చెప్పింది. యాప్‌లో బటన్ చోటు మారితేనే మనం తిట్టుకుంటాం.

విమానం ఓనర్ ఎయిర్‌పోర్ట్ నుంచి చూస్తూనే ఉన్నాడు. తోక లైటు మెల్లగా కిందికి జారి, కనిపించకుండా పోయింది. రేడియోలో పిలిస్తే జవాబు లేదు. పొద్దున ఆయనే ఇంకో విమానంలో వెతుక్కుంటూ వెళ్తే, పది కిలోమీటర్లు కూడా దాటకుండానే పొలంలో శకలాలు కనిపించాయి. నలుగురూ పోయారు. ఇంజన్‌లో ఏ లోపమూ దొరకలేదు.

కుర్చీ టెస్ట్ చేసినవాళ్లు ఏమనిపించిందో కామెంట్‌లో రాయండి.