మెదక్ చర్చి రంగుటద్దాలు



మెదక్ చర్చి అనగానే అందరికీ గోపురమే గుర్తొస్తుంది. 170 అడుగులు దాటిన ఎత్తు మరి, ఊరు చేరకముందే కనపడుతుంది. ఇవాళ నేను చెప్పదలచింది మాత్రం లోపలున్న మూడు కిటికీల గురించి.

ముందు కట్టడం సంగతి. పని 1914లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు, దాంతోపాటు కరువు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి తిండి పెట్టారు. చుట్టుపక్కల పల్లెల జనం రాళ్లు కొట్టి, మోసి, పదేళ్లు పాటుపడ్డారు. 1924 డిసెంబర్ 25న చర్చి తెరుచుకుంది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100. కోసుగా పైకి లేచే గోథిక్ కమానులు ఇంగ్లండు పద్ధతివి. వాటిని నిలబెట్టింది మాత్రం మెతుకుసీమ చేతులు.

రంగుటద్దాలు తర్వాత వచ్చాయి. ఆల్టర్ వెనకున్న క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ ఘట్టం 1958లో. కథలో చివరిది అన్నిటికన్నా ముందొచ్చిందన్నమాట! వీటిని రూపొందించిన ఫ్రాంక్ సాలిస్‌బరీ బ్రిటన్ రాజు ఆరో జార్జి పట్టాభిషేకాన్ని చిత్రించిన పేరున్న చిత్రకారుడు. కుర్రతనంలో అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలోనే పని నేర్చుకున్నాడు.

ఈ విద్యలో రంగు అద్దం పైన ఉండదు, లోపలే ఉంటుంది. గాజు కరిగేటప్పుడే లోహపు పొడులు కలుపుతారు. కోబాల్ట్ పడితే నీలం వస్తుంది. బొమ్మకు తగ్గట్టు ముక్కలు కోస్తారు. ముఖాలు, వేళ్లు, బట్టల మడతలు నల్లరంగుతో గీసి బట్టీలో కాలుస్తారు. ఆ ముక్కలన్నిటినీ సీసపు పట్టీలతో కలిపి బిగిస్తారు. దగ్గరికెళ్లి చూడండి: బొమ్మ చుట్టూ చిత్రకారుడు గీసిన గీతల్లా కనిపించేవి చాలావరకు ఆ సీసమే. అద్దాన్ని మోసేదీ, బొమ్మకు రూపమిచ్చేదీ అదే. ఈ కళలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే.

బయటినుంచి చూస్తే ఈ కిటికీలు మసక పలకలు. లోపలికి అడుగుపెడితే బయటి ఎండంతా వాటిలోంచి రంగులై దిగుతుంది. పొద్దుగుంకితే బొమ్మ కనపడదు. లోపల ఎన్ని దీపాలు పెట్టినా లాభం లేదు, వెలుగు అద్దం అవతలినుంచే రావాలి.

అందుకే నా మనవి. మెదక్ వెళ్లేవాళ్లు చీకటి పడ్డాక చేరేలా బయలుదేరకండి. క్రిస్మస్ జనసందోహంలో నిలబడి చూసే వీలుండదు కాబట్టి మామూలు రోజు, ఎండ బాగా ఉన్న వేళ వెళ్లండి. ఒక్కో కిటికీ ముందు కాసేపు కదలకుండా కూర్చోండి.