కృష్ణన్‌గారి స్మృతి
(మహాసభయందలి ప్రసంగము)



చిత్తూరునకు సముద్రము దూరము. అయినను మన బిడ్డలును నౌకాదళమున కొలువు సేయుచున్నారు. కావున, మన సంఘమువారు గాకున్నను, విశాఖపట్టణమును గాచిన వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్‌గారిని స్మరింప మేము నిలిచితిమి.

1971 యుద్ధమున వీరు విశాఖలో తూర్పు నౌకాదళమునకు అధిపతులు. పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంతును ముంప వచ్చుచుండెను. వీరు విక్రాంతును అండమాను దీవులకు దాటించి, అది విశాఖ చెంతనే యున్నదని శత్రువును నమ్మించుటకై రాజ్‌పుత్ అను పాత నౌకను నియోగించిరి. తన తల్లి జబ్బు ఎట్లున్నదని విక్రాంతు నావికు డొకడు అడిగినట్లు ఒక తంతిని గూడ బాహాటముగా పంపించిరి. డిసెంబరు 3-4 తేదీల నడిరేయి ఘాజీ విశాఖ రేవు వెలుపల మునిగెను.

ఆ తంతిని శత్రువు నమ్మునని యేల తలచిరి? ప్రతి నావికునకును తీరమున నొక తల్లి యుండుట ఎల్లరు నెఱిగినదే. ఘాజీతో మునిగినవారికిని తల్లు లుండిరి.

దేశము కృష్ణన్‌గారికి పద్మభూషణ మిచ్చెను. 1982లో వారు దివంగతులైన పిమ్మట వారి స్వీయచరిత్రను కుమారుడే కూర్చి వెలువరించెను. తండ్రికి ఇంతకు మించిన బిరుద మేది?

మా విన్నప మొక్కటే. నావికుల యిండ్లలోని తల్లుల యోగక్షేమములను మన సంఘము నెలకొకమాఱు విచారింపవలెను. ఆ తంతిలోని ప్రశ్న కల్పితము. మన యిండ్లలో నది నిజము.